అమెరికాలో ఉండగా ఇండియా సిమ్‌కి ఓటీపీలు వస్తాయా?

అమ్మానాన్నలు మూడు నెలలకు అమెరికా వెళ్తున్నారు, వాళ్ళ ఇండియా నంబరుకి బ్యాంకు ఓటీపీలు అక్కడ అందుతాయా, బిల్లు వేలల్లో వస్తుందా అని ఒకరు అడిగారు.

అందుతాయి. కాకపోతే ఇంటర్నేషనల్ రోమింగ్ (విదేశంలోనూ ఇండియా సిమ్ పనిచేసే సదుపాయం) ఇక్కడ ఉండగానే ఆన్ చేయించాలి. వెళ్ళాక చూద్దాంలే అనుకుంటే, ఆ పనికే ఓటీపీ అడిగితే ఇరుక్కుపోతారు. ప్రీపెయిడ్ అయితే వ్యాలిడిటీ తిరిగొచ్చే తేదీ దాటేలా రీఛార్జ్ చేయించండి.

బిల్లు టెన్షన్ ఎక్కువగా డేటాతోనే. ఫోన్లో డేటా రోమింగ్ ఆపేయండి. ఎస్ఎమ్మెస్ ఇంటర్నెట్ మీద రాదు, కాల్ కలిపే సిగ్నల్ దారిలోనే వస్తుంది. అందుకే డేటా ఆపినా ఓటీపీ ఆగదు. వచ్చే మెసేజ్‌లకు మన కంపెనీలు మామూలుగా డబ్బు తీసుకోవు. పంపిన మెసేజ్‌కి పడుతుంది, ఎత్తిన కాల్‌కి కూడా పడుతుంది. ఈ సంగతి పెద్దవాళ్ళకు ఒకటికి రెండుసార్లు చెప్పండి, ఎందుకంటే ఫోన్ మోగితే ఎత్తడం వాళ్ళకు అలవాటు.

ఇంకోటి చాలామందికి తెలియదు. ఇంగ్లిష్‌లో ఒక ఎస్ఎమ్మెస్‌కి 160 అక్షరాలు పడితే, తెలుగు లిపిలో 70 మాత్రమే. గుణింతాలు, ఒత్తులు కూడా విడిగా లెక్కకొస్తాయి. నాలుగు వాక్యాలు రాస్తే రెండు మూడు మెసేజ్‌ల ఖర్చు.

ఇంటివాళ్ళతో కబుర్లకు వైఫైలో వాట్సాప్ చాలు. ఇండియా సిమ్ తీయకుండా పక్కన అక్కడి సిమ్ వేసుకున్నా వాట్సాప్ పాత నంబరుతోనే నడుస్తుంది, మార్చమని అడిగితే ఒప్పుకోవద్దు. కాంటాక్ట్స్ అన్నిటికీ ముందు +91 ఉందో లేదో మాత్రం ఇక్కడే చూసుకోండి.