టూరుకెళ్తే ఏం తిందాం? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఆఫీసు పని మీద ఊళ్లు తిరిగేవాళ్ల తిండి గురించి ఓ పేజీ రాస్తే ఉత్తరాలు బాగానే వచ్చాయి. సగం మాత్రం "మా ఊళ్లో ఫలానా హోటల్ పేరు ఎందుకు రాయలేదు" అనే దెబ్బలాటలే. వాటిని పక్కన పెట్టి మిగతావాటికి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: బెంగళూరు హెడ్డాఫీసుకి నెలనెలా ట్రైనింగ్‌కి వెళ్తాను. తొమ్మిదిన్నరకి మొదలుపెడితే రాత్రి ఏడు దాకా వదలరు. రూముతో పాటు ఇచ్చే ఉచిత బ్రేక్‌ఫాస్ట్ తిని తిని నోరు చచ్చిపోయింది. ఖాళీ దొరికేది పొద్దున్నే. ఎక్కడికి వెళ్లమంటారు?
– సేల్స్ ఉద్యోగి, కర్నూలు

జవాబు: పొద్దున్నే ఖాళీ అంటే మీరు అదృష్టవంతులండీ, ఎందుకంటే బెంగళూరు టిఫిన్ల ఊరు, రాత్రి ఎనిమిదికి ఖాళీ దొరికినవాళ్లకి ఈ సుఖం లేదు. ఆ చల్లారిన పూరీ, కార్న్‌ఫ్లేక్స్, ఎర్ర జామూ ఎవరికో వదిలేసి ఆరున్నరకల్లా బసవనగుడి వైపు ఆటో ఎక్కండి. గాంధీబజారులో విద్యార్థి భవన్ ఉంది. 1943లో చుట్టుపక్కల చదువుకునే కుర్రాళ్ల కోసం పెట్టారు, పేరు అలాగే నిలిచిపోయింది. అక్కడి మసాలా దోశ మన పేపర్ దోశలా ఉండదు, కాస్త మందం, పైన ఎర్రగా కరకరలాడుతుంది, లోపల మెత్తగా ఉంటుంది. సర్వర్ ఒక్క చేతి మీదే బోలెడు ప్లేట్లు దొంతరగా పేర్చుకుని వస్తుంటే, అవి ఎక్కడ పడతాయో అని కొత్తవాళ్లకే టెన్షన్, ఆయనకేం ఉండదు. శుక్రవారం సెలవు, చూసుకుని వెళ్లండి. శని, ఆదివారాలైతే బయట పేరు రాయించుకుని నిలబడాలి, ట్రైనింగ్ ఉన్నవాళ్లకి అది కుదరదు.

టైము మరీ తక్కువైతే శంకరపురంలో బ్రాహ్మిణ్స్ కాఫీ బార్‌కి పోండి. కూర్చునే ఏర్పాటు ఉండదు, నిలబడి తినడమే. ఇడ్లీ, వడ, ఖారాబాత్, కేసరిబాత్, కాఫీ, దాదాపు అంతే. సాంబారు ఇవ్వరు! ఇడ్లీకి సాంబారు లేకపోవడమేంటని మనవాళ్లు మొదటిసారి గొణుగుతారు గానీ ఆ చట్నీ ఎన్నిసార్లు అడిగినా పోస్తారు, తిన్నాక సాంబారు సంగతి ఎవరికీ గుర్తుండదు. పావుగంటలో పని అయిపోతుంది.

లాల్‌బాగ్ దగ్గర ఎంటీఆర్ సంగతి వేరు, దానికి గంట చేతిలో ఉండాలి. 1924లో మొదలైన హోటల్ అది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో బియ్యం దొరక్క, రవ్వతో ప్రయత్నించి చూస్తే రవ్వ ఇడ్లీ పుట్టిందని వాళ్లే చెప్తారు. ఎమర్జెన్సీలో హోటళ్ల ధరలు తగ్గించాలని ప్రభుత్వం పట్టుబట్టినప్పుడు, సరుకు నాణ్యత తగ్గించడం ఇష్టం లేక హోటల్ మూసి, మిక్స్‌లూ మసాలా పొడులూ ప్యాకెట్లలో అమ్మే దారి పట్టారు. ఇప్పుడు మన కిరాణా కొట్లో కనిపించే ఎంటీఆర్ ప్యాకెట్ల వెనక కథ అదే. సోమవారం సెలవు. రవ్వ ఇడ్లీ మీద నెయ్యి పోసుకోవడానికి మొహమాటపడకండి.

రాత్రి ఏడు తర్వాత అన్నం మీదికి మనసు పోతే రెసిడెన్సీ రోడ్డులో నాగార్జున ఉండనే ఉంది, అరిటాకు, పప్పు, పొడి, నెయ్యి. మన కారానికి అక్కడివాళ్లు కూడా క్యూ కడతారు. ఉగ్గాణి బజ్జీ మాత్రం అడగొద్దు, దానికోసం మీ కర్నూలు తిరిగి రావాల్సిందే.

ప్రశ్న: నేను ఆడిటర్ని, ఢిల్లీకి తరచూ ఒంటరిగా వెళ్లాల్సి వస్తుంది. రెస్టారెంట్‌లో నాలుగు కుర్చీల టేబుల్ దగ్గర ఒక్కదాన్నే కూర్చుంటే అందరూ నన్నే చూస్తున్నట్టు ఉంటుంది. రూముకి తెప్పించుకుంటే అన్నీ చల్లారి వస్తాయి.
– ఒక సోదరి, విజయవాడ

జవాబు: ఇండియా గేట్‌కి దగ్గర్లో, అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్‌కి వెళ్లండమ్మా. బహుశా మీకు తెలిసే ఉంటుంది, కానీ ఒంటరిగా వెళ్లేవాళ్లకి అది ఎంత మంచి చోటో ఎవరూ చెప్పరు. ముందు డబ్బు కట్టి కూపన్ తీసుకోవాలి, తర్వాత ఎక్కడ కుర్చీ ఖాళీ అయితే అక్కడ కూర్చోబెడతారు. ఆరుగురు వచ్చిన కుటుంబం అందరికీ ఒకే చోట కావాలని గుమ్మం దగ్గర నిలబడి ఉంటే, లోపల్నుంచి "ఒక్కరే ఎవరు?" అని కేక వస్తుంది, మీరు వాళ్లని దాటుకుని లోపలికి వెళ్లిపోవచ్చు. పక్కన ఒక పంజాబీ కుటుంబం, ఎదురుగా పోటీ పరీక్షలకు చదువుకుంటున్న కుర్రాడు, అందరూ ముద్దపప్పులో నెయ్యి కలుపుకునే పనిలో ఉంటారు, మిమ్మల్ని చూసే తీరిక ఎవరికీ ఉండదు. పప్పు, కూర, సాంబారు ఎన్నిసార్లయినా వడ్డిస్తారు. ఆదివారం బిర్యానీకి ఢిల్లీ సగం అక్కడే ఉంటుంది, ఆ రోజు వెళ్తే ఓపిక తీసుకెళ్లండి. మామూలు రోజుల్లో పన్నెండుంపావుకల్లా చేరితే గొడవే లేదు, ఒంటిగంట అయితే చుట్టుపక్కల ఆఫీసులన్నీ దిగుతాయి.

ప్రశ్న: కలకత్తాలో బిర్యానీ తెప్పిస్తే అందులో ఒక ఉడికిన బంగాళాదుంప వచ్చింది. ఇది మోసం కాదా?
– ఇంజనీరు, హైదరాబాద్

జవాబు: మీ బాధ నాకు అర్థమైంది, పక్కన సాలన్ కూడా వచ్చి ఉండదు. కానీ మోసం కాదు. అవధ్ రాజ్యాన్ని ఇంగ్లీషువాళ్లు లాక్కున్నాక, 1856లో నవాబు వాజిద్ అలీ షా కలకత్తా చేరి మటియాబుర్జ్‌లో ఉండిపోయాడు, ఆయన వెంట వంటవాళ్లూ వచ్చారు, ఆ బిర్యానీ అక్కడిదే. ఆలూ ఎలా చేరిందన్న దాని మీద రెండు కథలున్నాయి. నవాబు దగ్గర డబ్బు తగ్గి మాంసం బదులు వేశారని ఒకటి, అప్పట్లో బంగాళాదుంప కొత్తదీ ఖరీదైనదీ కాబట్టి గొప్పకి వేశారని ఇంకొకటి. ఏ కథ నమ్మినా ఫర్వాలేదు గానీ ఆ ముక్క పారేయకండి. మాంసం రసం, నెయ్యి, మసాలా అంతా దాంట్లోకే దిగుతుంది. నన్నడిగితే ఆ ప్లేట్లో అన్నిటికన్నా రుచి ఆలూదే. ఈ మాట రాసినందుకు పాతబస్తీలో నాకు చాయ్ ఇవ్వడం మానేసినా సరే.

ప్రశ్న: ముంబైలో క్లయింట్ ఇరానీ హోటల్లో లంచ్ ఇస్తానంటున్నాడు. ఇరానీ చాయ్ కోసం అంతదూరం ఎందుకు, మన దగ్గరే ఉందిగా?
– సికింద్రాబాద్

జవాబు: లంచ్ అంటే చాయ్ కాదండీ. ఆయన చెప్పేది బలార్డ్ ఎస్టేట్‌లోని బ్రిటానియా అయితే వెంటనే ఒప్పుకోండి. 1923 నాటిది, చుట్టూ ఆఫీసులే ఉన్న పేట, తెరిచేది మధ్యాహ్నం భోజనానికే. బెర్రీ పలావ్ చెప్పండి, పులపుల్లగా ఉండే చిన్న ఎర్ర బెర్రీలు అన్నం మీద చల్లి ఇస్తారు. తాగడానికి రాస్ప్‌బెర్రీ సోడా. రంగు చూసి భయపడొద్దు, తాగాక నాలుక కూడా అదే రంగులోకి మారుతుంది, కాబట్టి లంచ్ తర్వాత ప్రెజెంటేషన్ ఉంటే ఆలోచించుకోండి.

ప్రశ్న: ఎండాకాలం బైకు మీద తిరిగే మెడికల్ రెప్‌ని. కూల్‌డ్రింకులు విసుగొచ్చాయి. దారిలో తాగడానికి మంచివి చెప్పండి.
– ఏలూరు

జవాబు: రాజమండ్రి మెయిన్ రోడ్డు రోజ్‌మిల్క్ మీకు కొత్త కాదు. కానీ అది తీపి, చిక్కన, దాహానికి పనికిరాదు, పనయ్యాక సాయంత్రం తాగాల్సింది. రాయలసీమ వైపు వెళ్తే నన్నారి షర్బత్ తాగండి, సుగంధిపాల వేళ్లతో చేసిన పాకంలో నిమ్మకాయ పిండి, సోడా కొట్టి ఇస్తారు, ప్రాణం లేచొస్తుంది. అదే నన్నారి పాకాన్ని పాలు, బాదం బంక, ఐస్‌క్రీంతో కలిపి మదురైలో జిగర్తండా అంటారు, కంపెనీ మీటింగ్ ఎప్పుడైనా అటు పడితే వదలకండి. నడి ఎండలో మాత్రం ఉప్పేసిన మజ్జిగే.

ప్రశ్న: మీరు చెప్పే చిన్న హోటళ్లలో బిల్లు ఇవ్వరు. బిల్లు లేకపోతే మా అకౌంట్స్ వాళ్లు డబ్బులివ్వరు. ఏం చేయాలి?
– పేరు వద్దు

జవాబు: పెద్ద హోటల్ బఫేకి వెయ్యి రూపాయల బిల్లు పెడితే కిమ్మనరు, ఇడ్లీ, కాఫీకి మాత్రం కాగితం కావాలి! ముందు క్యాషియర్‌ని అడిగి చూడండి, రద్దీ లేని టైములో అయితే చాలామంది చీటీ మీద రాసి స్టాంపు వేసి ఇస్తారు. ఫోన్‌లో డబ్బు కట్టిన స్క్రీన్‌షాట్ కొన్ని కంపెనీలు ఒప్పుకుంటాయి, మీది ఒప్పుకుంటుందో లేదో టూరుకి ముందే మెయిల్‌లో అడగండి, నోటిమాట మీద నమ్మకం పెట్టుకోవద్దు. రోజుకింత అని బిల్లుల్లేకుండా బత్తా ఇచ్చే పద్ధతి ఉంటే అదే తీసుకోండి. ఇవేవీ కుదరకపోతే పొద్దున టిఫిన్ సొంత డబ్బుతో తినేసి రాత్రి భోజనానికి బిల్లు పెట్టండి, నేను చేసేదీ అదే.