12 ఏళ్ల బాబుకి ఏసీఎల్ తెగింది: ఆపరేషన్ ఇప్పుడా, ఎదిగాకా?

మీ బాబుకి కబడ్డీలో మోకాలు మెలిపడి, రెండు గంటల్లోనే బాగా వాచి, ఎమ్మారైలో ఏసీఎల్ (మోకాలి లోపల తొడ ఎముకనీ, కాలి ఎముకనీ కలిపి పట్టి ఉంచే లిగమెంట్) పూర్తిగా తెగిందని వచ్చిందన్నారు. ఒక డాక్టరుగారు ఎదుగుదల ఆగేదాకా ఆగమన్నారు, ఇంకొకరు ఇప్పుడే చేయించమన్నారు. ఇద్దరూ ఆలోచిస్తున్నది గ్రోత్ ప్లేట్ గురించే.

తొడ ఎముక కింది చివరా, కాలి ఎముక పై చివరా ఉండే మెత్తటి పొర అది. కాలు పొడవు పెరిగేది ఎక్కువగా ఇక్కడే. ఏడాదికి తొడ ఎముక వైపు సుమారు 9 మి.మీ., కాలి ఎముక వైపు 6 మి.మీ. లెక్కకి అబ్బాయిల్లో 16, అమ్మాయిల్లో 14 ఏళ్లకి ఇది ఆగుతుందని పెట్టుకుంటారు. అంటే 12 ఏళ్ల అబ్బాయికి మోకాలి దగ్గర ఇంకా 6 సెం.మీ. పెరుగుదల ఉంది, అదే వయసు అమ్మాయికి 3 సెం.మీ. మాత్రమే. పైగా చూడాల్సింది పుట్టినతేదీ కాదండి, ఎముక వయసు. ఎడమ చేతి మణికట్టు ఎక్స్‌రేతో అది తెలుస్తుంది, అసలు వయసుకి ఏడాది అటూ ఇటూ ఉండటం మామూలే. అది చూడకుండా ఏ పద్ధతిలో చేయాలో తేల్చేస్తే నేనైతే ఒప్పుకోను.

పెద్దవాళ్లకి చేసినట్టే ఎముకల్లో రంధ్రాలు చేసి కొత్త లిగమెంట్ బిగిస్తే, దాని ఎముక ముక్కో, స్క్రూవో ఆ పొరకి అడ్డంగా పడితే, పొర అక్కడ అతుక్కుపోయి కాలు వంకర తిరగొచ్చు, పొట్టి కావొచ్చు. అందుకే ఎదుగుదల చాలా మిగిలిన పిల్లలకి పొరని ముట్టుకోకుండా, తొడ బయటివైపు ఉండే ఐటీ బ్యాండ్ అనే గట్టి పట్టీని మళ్లించి కడతారు, లేదా పొరకి ఇవతలే, కీలు వైపున్న ఎముకలోనే రంధ్రాలు చేస్తారు. కొంచెమే మిగిలితే హామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) టెండన్‌ని పొర గుండానే పంపొచ్చు, కాని రంధ్రం చిన్నగా, మధ్యగా, వీలైనంత నిలువుగా ఉండాలి, బిగించేవి పొరకి దూరంగా ఉండాలి. మీ బాబుకి వీటిలో ఏది చేస్తారో, ఎందుకో సర్జన్‌ని అడగండి. పిల్లల మోకాళ్లు తరచూ చేసేవాళ్లయితే బొమ్మ గీసి మరీ చెబుతారు.

ఆగడం తప్పేమీ కాదు. మోకాలు జారకుండా, మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి) బాగుండి, బాబు నిజంగా ఆట మానితే ఫిజియోతో, బ్రేస్‌తో నెట్టుకురావొచ్చు. సైకిల్ తొక్కొచ్చు, కబడ్డీ, ఫుట్‌బాల్, షటిల్ కుదరవు. అయితే 12 ఏళ్ల పిల్లాడు ఇంటర్వెల్‌లో పరిగెత్తకుండా నాలుగేళ్లు ఉండగలడా? మోకాలు జారిన ప్రతిసారీ మెనిస్కస్ నలుగుతుంది, చిరిగితే ఎక్కువ భాగం తనంతట అతుక్కోదు. ఒక్కసారి జారినా, మోకాలు చాపలేకుండా పట్టేసినా ఇక ఆగకండి. కుట్టడానికి వీలైన చిరుగు ఉంటే వారాల్లోనే చేయించాలి. పట్టేయకపోతే మాత్రం వాపు తగ్గి, కాలు పూర్తిగా చాచగలిగాకే ఆపరేషన్‌కి వెళ్లాలి, లేకపోతే తర్వాత కీలు బిగుసుకుంటుంది.

పిల్లలున్న మిగతావాళ్లకీ ఒక మాట. 8 నుంచి 14 ఏళ్ల మధ్య, ముఖ్యంగా సైకిల్ మీంచి పడినప్పుడు, లిగమెంట్ తెగకుండా అది అంటుకున్న ఎముక పెచ్చే లేచిపోవచ్చు. గంటల్లో వాచిందంటే చాలావరకు లోపల రక్తం చేరినట్టే. బెణికిందని క్రేప్ బ్యాండేజి చుట్టి పంపేస్తే పక్కనుంచి తీసిన ఎక్స్‌రే కూడా కావాలని అడగండి. పెచ్చు కదలకపోతే కాలు చాపి 4 నుంచి 6 వారాలు కట్టు వేస్తే సరిపోతుంది, పూర్తిగా లేస్తే దారంతోనో స్క్రూతోనో బిగించాలి. మోకాలి చిప్ప పై అంచు ఎత్తులో తొడ ఎముక పక్కన నొక్కితే నొప్పి ఉంటే, అది మోకాలి పక్క లిగమెంట్ దెబ్బ కాక గ్రోత్ ప్లేట్ విరగడం కావొచ్చు. నూనె రాసి మర్దన మాత్రం చేయించొద్దు.

ఆపరేషన్ తర్వాత 9 నెలల లోపు ఆటకి పంపొద్దు, ఈ వయసుకి 12 నెలలు మేలు. నెలలు గడిస్తే చాలదు, కండబలం, ఒంటికాలి గెంతు రెండో కాలితో పోలిస్తే 90 శాతమైనా రావాలి. తుంటి నుంచి చీలమండ దాకా రెండు కాళ్లూ కనిపించేలా నిలబెట్టి తీసే ఎక్స్‌రే ఆపరేషన్‌కి ముందే ఒకటి తీయించి దాచండి. తర్వాత ఎదుగుదల ఆగేదాకా తీసే ప్రతి ఎక్స్‌రేనీ దానితోనే పోల్చి చూస్తారు.