బుల్లెట్ కిక్ జారుతోందా? గేర్‌బాక్స్ విప్పే ముందు క్లచ్ సంగతి చూడండి

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: బండి 1989 బుల్లెట్ 350, కుడికాలి గేర్లది. మూడు కిక్కుల్లో రెండు సర్రున కిందికి దిగిపోతున్నాయి, ఇంజిన్ కదలట్లేదు. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే సౌండు పెరుగుతోంది గానీ బండి లాగట్లేదు. మెకానిక్ చూసి, కిక్ గేరు పోయింది, గేర్‌బాక్స్ మొత్తం దించాలి అన్నాడు. ఇంట్లో మనమే చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. కాకపోతే గేర్‌బాక్స్ జోలికి ఇప్పుడే వెళ్ళకండి. సరిగ్గా ఇలాంటి బండితో నేను అదే పని చేసి, పండగ పూట రెండు రోజులు నల్లటి చేతులతో కూర్చున్నాను.

మాది తెనాలి. నాన్న 1993లో కొన్న బండి, ఇప్పుడు నా దగ్గరుంది. 2018 సంక్రాంతికి ఇంటికెళ్తే కిక్ మీరు చెప్పినట్టే జారుతోంది. మా వీధి మెకానిక్ పండక్కి వాళ్ళ ఊరెళ్ళిపోయాడు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, మా బండి కాకికంటే నయమేమీ కాదు. ముందురోజే విజయవాడ ఆటోనగర్ నుంచి కిక్ పాల్, దాని స్ప్రింగు, ప్యాకింగులు తెచ్చిపెట్టుకున్నాను. పాల్ అంటే కిక్ షాఫ్ట్ చివర గేరు పళ్ళను పట్టుకునే చిన్న కొక్కెం. పొద్దున్నే వాకిట్లో గోనెసంచి పరిచి మొదలుపెట్టా. పాత పాల్ తీస్తుంటే దాని కింద ఉండే బుల్లి స్ప్రింగు టప్పున ఎగిరి, అమ్మ అప్పుడే వేసిన రథం ముగ్గులో పడింది. వెతకడానికి వెళ్ళి రథం చక్రం ఒకటి చెరిపేశాను. అది దొరికింది, తిట్లూ దొరికాయి. సాయంత్రానికి కొత్త పాల్ వేసి అంతా మూసి కిక్ కొడితే, సర్రున మళ్ళీ అదే.

తీసిన పాత పాల్‌ని అప్పుడు వెలుతురులో పెట్టి చూశా. అంచు పదునుగా నిక్షేపంలా ఉంది.

తర్వాత గుర్తొచ్చింది. చలికాలం పొద్దున్నే నాన్న క్లచ్ పట్టుకుని రెండుమూడు కిక్కులు ఊరికే కొట్టేవాడు. రాత్రంతా ఆయిల్లో అంటుకుపోయిన క్లచ్ లోపలి ప్లేట్లు విడిపోవాలని. పాత బుల్లెట్ వాళ్ళందరికీ ఉన్న అలవాటే. క్లచ్ పట్టుకుని కొడితే కిక్ ఎలా పోతుంది? ఖాళీగా, సర్రున. అంటే ఈ బండిలో కిక్ బలం క్లచ్ గుండానే ఇంజిన్‌కి వెళ్తుందన్నమాట. కాలితో తొక్కిన బలం పాల్ ద్వారా గేర్‌బాక్సులోని గేరుకి, అక్కణ్ణుంచి మెయిన్ షాఫ్టుకి, దాని ఎడమ చివరనున్న క్లచ్‌కి, క్లచ్ నుంచి ప్రైమరీ చైను (క్లచ్‌నీ ఇంజిన్‌నీ కలిపే చైను) మీదుగా క్రాంక్‌కి, అంటే ఇంజిన్‌లో తిరిగే షాఫ్టుకి పోతుంది. ఆర్‌ఎక్స్ 100 లాంటి బండ్లలో ఇలా ఉండదు. అక్కడ కిక్ క్లచ్ బయటి గిన్నెనే తిప్పుతుంది కాబట్టి గేరులో ఉన్నా క్లచ్ పట్టుకుని స్టార్ట్ చెయ్యొచ్చు, ప్లేట్లు అరిగినా కిక్ మాత్రం జారదు. బుల్లెట్‌కి ప్లేట్లు జారితే కిక్కూ జారుతుంది. మీ బండి ఫ్లైఓవర్ మీద లాగకపోవడం, కిక్ జారడం రెండు జబ్బులు కాకపోవచ్చు, ఒక్కటే అయ్యుండొచ్చు.

దీన్ని ఊహించుకుంటూ కూర్చోనక్కర్లేదు, కళ్ళారా చూడొచ్చు. బండిని మెయిన్ స్టాండు మీద వెయ్యండి, తాళం ఆఫ్. ఎడమ ఫుట్‌రెస్టు, బ్రేకు పెడలు తీయండి. చైన్‌కేసు (ఎడమవైపు ఆ ప్రైమరీ చైను ఉండే పెట్టె) కింద వెడల్పాటి ట్రే పెట్టి మధ్యలో ఉన్న ఒకే ఒక్క పెద్ద నట్టు విప్పితే బయటి కవరు వచ్చేస్తుంది, ఆయిలు ట్రేలో పడుతుంది. ముందువైపు కనిపించే ఆల్టర్నేటర్‌ని కదపకండి, దాంతో మనకి పనిలేదు. వెనకవైపు గుండ్రంగా ఉన్నదే క్లచ్. గుడ్డతో ఆయిలు తుడిచి, మధ్యలోని ప్రెషర్ ప్లేటు (ప్లేట్లని నొక్కిపట్టే పై మూత) మీది నుంచి చైను తిరిగే పళ్ళచక్రం అంచు దాకా సుద్దముక్కతో ఒక గీత గీయండి. న్యూట్రల్లో పెట్టి ఎవరినైనా మెల్లగా కిక్ తొక్కమనండి, మీరు గీతని చూడండి.

ప్రెషర్ ప్లేటు తిరిగి పళ్ళచక్రం అక్కడే ఆగిపోయి గీత విరిగితే క్లచ్ జారుతున్నట్టే. గీత అసలు కదలకుండా కాలు మాత్రం దిగిపోతే అప్పుడు పాల్‌ని అనుమానించండి. రెండూ కలిసే తిరుగుతూ కిక్ తేలిగ్గా దిగిపోతోందంటే ఈ రెండిట్లో ఏదీ కాదు, కంప్రెషన్ (ఇంజిన్ లోపలి ఒత్తిడి) లేదు. అలా ఉంటే ముందు డీకంప్రెసర్ (కిక్ తేలిగ్గా దిగడానికి వాల్వుని కాస్త తెరిచే మీట) కేబుల్ చూడండి. అది బిగుసుకుపోయి వాల్వు కాస్త తెరుచుకునే ఉండిపోతుంది. నా బండికి గీత మొదటి కిక్కుకే విరిగిపోయింది. ఈ పరీక్ష ముందురోజు చేసుంటే రథం చక్రం బతికేది.

ప్లేట్లు తీయడం పెద్ద పనేం కాదు. మూడు స్ప్రింగుల స్క్రూలు ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా వదులు చేస్తూ తీస్తే ప్రెషర్ ప్లేటు చేతికొస్తుంది. ప్లేట్లు ఏ వరసలో వస్తున్నాయో ఫోన్లో ఫొటో తీసుకుని అదే వరసలో పేపరు మీద పేర్చుకోండి. నావి బయటికి వచ్చాక చూస్తే రాపిడి ప్లేట్లు నల్లగా, నున్నగా, నాపరాయి పాలిష్ పట్టినట్టు మెరుస్తున్నాయి. గోరుతో గీకితే గోరు జారిపోతోంది. స్టీలు ప్లేట్ల మీద అక్కడక్కడా నీలి మచ్చలు, బాగా కాలిన గుర్తు. స్టీలు ప్లేటు వంగిందో లేదో తెలియాలంటే అద్దం పలక మీద పెట్టి అంచు నొక్కండి, టకటకలాడితే అది పనికిరాదు. నేను వంటింటి గ్రానైట్ బండ మీద పెట్టి చూశాను, ఇంకోసారి తిట్లు. స్ప్రింగులు మూడూ పక్కపక్కన నిలబెట్టి ఎత్తు చూడండి. ఒక్కటి పొట్టిగా ఉన్నా మూడూ మార్చాల్సిందే. నున్నబడ్డ ప్లేట్లని ఎమరీ కాగితంతో రుద్ది మళ్ళీ వేసేవాళ్ళున్నారు. ఊరికి చేరడానికి పనికొస్తుందేమో గానీ నిలవదు.

కొత్త ప్లేట్లని రాత్రంతా ఆయిల్లో నానబెట్టి వేశాను. పొడిగా వేస్తే త్వరగా కాలిపోయే ప్రమాదం ఉంది. స్క్రూలు మూడూ మార్చి మార్చి, చివరికంటా బిగించాలి. బిగించాక క్లచ్ లివరు పట్టుకుని చూస్తే ప్రెషర్ ప్లేటు ఒక పక్కకి ఒరగకుండా నిటారుగా లేవాలి. చేతికి అందుతోంది కదా అని ప్రైమరీ చైను కూడా చూసుకోండి. బిగుతుగా ఉన్న చోట పట్టుకుని పైకీ కిందికీ ఆడిస్తే దాదాపు 6 మిల్లీమీటర్లు ఆడాలి. కవరు పెట్టేటప్పుడు రబ్బరు సీలు గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో వేలితో తడిమి చూడండి. మధ్య నట్టుని ఆవేశంగా బిగించకండి, కవరు వంగిపోతే జన్మలో ఆయిలు కారడం ఆగదు. ఆయిలు 420 మిల్లీలీటర్లు, నేను ఇంజిన్‌లో వేసే 20డబ్ల్యూ50నే వేస్తాను. కార్ల కోసం చేసిన ఆయిళ్ళలో ఘర్షణ తగ్గించే మందులుంటాయి, అవి క్లచ్ ఉన్న చోట పోయకూడదు.

మరి నా ప్లేట్లు అంతలా ఎందుకు కాలాయి? దానికి కారణం నేనే. అంతకు రెండు నెలల ముందు గేర్లు గట్టిగా పడుతున్నాయని క్లచ్ కేబుల్ బాగా లాగి బిగించాను. లివరుకి రవ్వంత వదులు కూడా లేదు. అంటే ఎవరో నా క్లచ్‌ని రోజంతా సగం పట్టుకునే ఉన్నట్టు. మెయిన్ షాఫ్టు లోపలి నుంచి వెళ్ళి, లివరు పట్టుకున్నప్పుడు ప్రెషర్ ప్లేటుని నెట్టే పుష్ రాడ్డు తీసి చూస్తే దాని చివర నెమలి పింఛం రంగులో నీలంగా మారి, పుట్టగొడుగులా విచ్చుకుంది. కొత్త ప్లేట్లు వేసి పాత కేబుల్ సెట్టింగే ఉంచితే మళ్ళీ అదే కథ. అందుకని ముందు హ్యాండిల్ దగ్గర అడ్జస్టర్‌ని పూర్తిగా వదులు చెయ్యండి. కుడివైపు గేర్‌బాక్స్ కవరుకి రెండు స్క్రూలతో ఉండే చిన్న మూత తీస్తే లోపల లాక్ నట్టూ అడ్జస్టరూ కనబడతాయి. దాన్ని రాడ్డుకి తగిలీ తగలనట్టు సెట్ చేసి లాక్ చెయ్యండి. చివర్లో కేబుల్ లాగి, లివరు దగ్గర 2-3 మిల్లీమీటర్ల వదులు మిగిలేలా ఉంచండి. గేర్లు అప్పటికీ గట్టిగా పడుతుంటే కారణం ఇంకెక్కడో ఉంది, కేబుల్ బిగించడం దానికి మందు కాదు.

ఒకవేళ మీ సుద్దగీత కదలకుండా ఉండిపోయి, కిక్ లోపల కరకరమంటుంటే గేర్‌బాక్సు విప్పక తప్పదు. అప్పుడు కూడా దాన్ని బండి నుంచి దించక్కర్లేదు. కుడివైపు కవర్లు తీస్తే చాలు. కిక్ రాడ్డుకి సైకిలు పెడలుకి ఉన్నట్టే కాటర్ పిన్ను ఉంటుంది. నట్టుని పూర్తిగా తీసేసి సుత్తితో కొడితే మర చితికిపోతుంది, నట్టుని మర అంచు దాకా వదులు చేసి దాని మీద కొట్టండి. పానాల సంగతి కూడా చూసుకోండి, ఇంత పాత బండికి మిల్లీమీటరు పానాలు కొన్ని చోట్ల పట్టీ పట్టనట్టుంటాయి. బలవంతం చేస్తే నట్టు మూలలు గుండ్రమైపోతాయి. విట్‌వర్త్ పానాలు (పాత బ్రిటిష్ కొలతవి) నాలుగు సంపాదించుకుంటే హాయి. కవరు తీయగానే నల్లటి ముద్ద కారుతుంది, గ్రీజూ ఆయిలూ కలిసింది, లేత బెల్లం పాకంలా. భయపడకండి, ఆ గేర్‌బాక్స్ తీరే అంత. లోపలి కవరు కూడా వచ్చాక కిక్ షాఫ్టు చివర పాల్ ఉంటుంది. దాని మీద ఒక గుడ్డ కప్పి ఆ గుడ్డ కింద తీయండి, స్ప్రింగు అందులోనే పడుతుంది. పాల్ అంచు గుండ్రంగా అరిగితే మార్చండి. అది పట్టుకునే గేరు లోపలి పళ్ళు కూడా అరిగిపోయుంటే మాత్రం అక్కడ ఆగి, చేయి తిరిగిన మనిషికి అప్పగించడం మంచిది. నేనైతే ఆ గేరు ఎప్పుడూ మార్చలేదు.

పాల్‌ని చంపేది ఎక్కువగా ఎదురు కిక్కే, అంటే ఇంజిన్ వెనక్కి తిరిగి కాలిని తన్నడం. పాయింట్ల (స్పార్కు కోసం కరెంటుని తెంచే స్విచ్చు) గ్యాపు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లలో ఉంచి, టైమింగు, అంటే స్పార్కు పడే సమయం, ముందుకు జరగకుండా చూసుకుంటే కాలికీ మంచిది, కొక్కేనికీ మంచిది. అమ్మీటరు (కరెంటు చూపే మీటరు) ముల్లు మధ్యకి వచ్చేదాకా మెల్లగా తొక్కి, డీకంప్రెసర్ నొక్కి ఇంకాస్త దింపి, అప్పుడు పూర్తి కిక్ కొట్టాలి. ఇది మీకు తెలిసే ఉంటుంది, మీ తర్వాత బండి నడిపే మీ తమ్ముడికి చెప్పండి.

సెల్ఫ్ ఉన్న తర్వాతి బుల్లెట్లు ఎవరికైనా ఉంటే, మీట నొక్కితే స్టార్టర్ మోటారు గిర్రున తిరిగి ఇంజిన్ తిరగకపోవడం వేరే జబ్బు. అక్కడ ఒకవైపే పట్టే స్ప్రాగ్ క్లచ్ అరుగుతుంది. బ్యాటరీ బలహీనంగా ఉన్నప్పుడు మీట మీద మీట నొక్కడం దానికి మహా చెడ్డది. కిక్ ఉంటే ఆ రోజుకి కిక్కే కొట్టండి. స్ప్లెండర్ లాంటి చిన్న బండ్లకి క్లచ్ కుడివైపు కవరు కింద ఉంటుంది, ప్లేట్లు ఇంట్లో మార్చుకోవచ్చు, ఆయిలు దించి కవరు తీస్తే చాలు.

మీరు ముందు ఆ సుద్దగీత పరీక్ష చేసి, గీత విరిగిందో కదల్లేదో ఇక్కడే రాయండి. విరిగితే పుష్ రాడ్డు చివర ఫొటో కూడా పెట్టండి, నీలం రంగు ఎంత దూరం పాకిందో చూసి అది మార్చాలో అక్కర్లేదో చెప్తాను.