నాన్న వయసు ఆధార్‌లో ఆరేళ్లు తగ్గింది

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు. డెబ్భై దాటినవాళ్లకు కేంద్రం ఇస్తున్న ఆయుష్మాన్ కార్డు నిజంగా పనికొస్తుందా? అది తీసుకుని ప్రైవేటు పాలసీ మానేయొచ్చా?

పనికొస్తుంది. కానీ ముందు మీ నాన్నగారి ఆధార్ కార్డు తీసి పుట్టిన తేదీ చూడండి. మిగతావన్నీ తర్వాత. ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ఆ ఒక్క పని చేయకపోవడం వల్ల మాకు లక్షా తొంభై వేలు పోయాయి.

మాది పశ్చిమ గోదావరి. నాన్న రైస్ మిల్లులో గుమస్తాగా చేసి మానేశారు, పెన్షన్ లేదు. తమ్ముడు ఇన్‌కమ్ ట్యాక్స్ కడతాడు, ఒకే ఇంట్లో ఉంటారు కాబట్టి బియ్యం కార్డు పోయింది. దాంతోపాటే ఆరోగ్యశ్రీ కూడా. ఇలాంటి ఇళ్లు మన దగ్గర ఎన్నో. పేదవాళ్ల లెక్కలోకి రారు, ఆపరేషన్ అంటే మాత్రం అప్పు చేయాల్సిందే. అందుకే 2024 అక్టోబరు 29న మీరడిగిన ఈ కార్డు, ఆయుష్మాన్ వయ వందన అనే పేరుతో మొదలైనప్పుడు నేను చాలా సంతోషించాను. ఆదాయంతో సంబంధం లేదు, రేషన్ కార్డు అడగరు. డెబ్భై నిండితే చాలు, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం. అమ్మానాన్నలిద్దరూ డెబ్భై దాటినవాళ్లయితే ఆ 5 లక్షలు ఇద్దరికీ కలిపి. బీపీ, షుగర్ ముందునుంచీ ఉన్నా పర్లేదు, మొదటి రోజునుంచే వర్తిస్తుంది. సంక్రాంతికి వెళ్లినప్పుడు చేయిద్దాంలే అనుకున్నాం. సంక్రాంతి వచ్చింది, పోయింది.

2025 ఫిబ్రవరిలో ఒకరోజు తెల్లవారుజామున నాన్న బాత్‌రూంలో జారిపడ్డారు. తుంటి దగ్గర బాల్ విరిగింది, మార్చాలన్నారు. పథకం ఉన్న ఆసుపత్రే కదా అని ధైర్యంగానే ఉన్నాం. కింద ఆరోగ్యమిత్ర అని రాసిన బల్ల దగ్గర ఒక అమ్మాయి కూర్చుని ఉంది. పథకం కింద చేరేవాళ్ల పని చూసిపెట్టేది వాళ్లే. ఆధార్ నంబరు చెప్పాను, కొట్టింది, కాసేపు తెర వంక చూసి, "మేడమ్, వీరికి అరవై ఎనిమిదే చూపిస్తోందండి" అంది.

నాన్న పక్కనే స్ట్రెచర్ మీద ఉన్నారు. నొప్పికి పళ్లు బిగబట్టి ఉన్న మనిషి ఆ మాట విని తల ఎత్తారు. "దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నాకు ఇరవై ఆరేళ్లమ్మా. మిల్లులో లెక్కలు రాస్తున్నాను. కావాలంటే లెక్కేసుకో" అన్నారు. ఉప్పెన 1977 నవంబరులో. లెక్క సరిగ్గా సరిపోయింది. ఆ అమ్మాయికీ అది అబద్ధం అనిపించలేదు, ముఖం చూస్తే తెలుస్తుంది కదా. కానీ ఆధార్‌లో 01-01-1957 అని ఉంది. ఈ పథకానికి వయసు తేల్చేది ఆధార్ ఒక్కటే. "నేనేం చేయలేనండి, సిస్టమ్ తీసుకోదు" అని మెల్లగా చెప్పింది. ఆ అమ్మాయి తప్పేం లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. ఊళ్లో బళ్లో ఆధార్ క్యాంపు పెట్టినప్పుడు, పుట్టిన తేదీ కాగితం లేదంటే పాత రేషన్ కార్డులో వయసు చూసి ఏదో ఏడాది వేసి, ముందు జనవరి 1 తగిలించారు. మన పెద్దవాళ్లలో ఎంతమంది జనవరి ఒకటిన పుట్టారో మీ వీధిలోనే అడిగి చూడండి. అసలు కాగితం ఇంట్లోనే ఉంది. ట్రంకు పెట్టె అడుగున, పెళ్లి పట్టుచీర కింద, నాన్న ఎస్ఎస్ఎల్‌సీ పుస్తకం, అంటే ఆ కాలపు హైస్కూలు సర్టిఫికెట్. అట్ట ఊడిపోయింది, లోపల సిరాతో రాసిన తేదీ మాత్రం చెక్కుచెదరలేదు. 1951 మార్చి. ఆ సిరా చూస్తూ ఎంత ఏడ్చానో.

స్ట్రెచర్ మీదనుంచి నాన్న అడిగిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "ఎంతవుద్దంట అమ్మాయ్? ఈ వయసులో నాకెందుకే అంత ఖర్చు, కట్టు కట్టించి ఇంటికి తీసుకుపోండి." నేను బ్యాంకులో గాజులు పెట్టాను, తమ్ముడు మిగతాది సర్దాడు, ఆపరేషన్ బాగానే అయింది. కానీ కన్నతండ్రి ఆ మాట అనాల్సి రావడం నాకు నచ్చలేదు. పెద్దవాళ్లు నొప్పి దాచుకునేది భయంతో కాదు, బిల్లు గురించే. మా చుట్టాల్లో చూసిందాన్ని బట్టి రూఢిగా చెబుతున్నాను.

తర్వాత ఆ పుస్తకం పట్టుకుని ఆధార్ కేంద్రానికి వెళ్లాం. పుట్టిన తేదీని మామూలుగా ఒక్కసారే మార్చుకోనిస్తారు, కాబట్టి తొందరపడి ఏదో కాగితంతో మార్చేయకండి, సరైనదే పెట్టండి. పనిలో పనిగా ఫోన్ నంబరు కూడా మార్చాం, ఎందుకంటే ఆధార్‌కి ఉన్నది ఎప్పుడో పోయిన సిమ్. ఓటీపీ దానికే పోతుంది! వేలిముద్రలు అసలు పడలేదు. యాభై ఏళ్లు బస్తాలు, పద్దులు పట్టుకున్న వేళ్లు అరిగిపోయాయి. చివరికి ముఖం చూపించి చేశారు. జూన్‌కి కార్డు చేతికొచ్చింది.

నవంబరులో ప్రొస్టేట్ ఆపరేషన్ ఆ కార్డు మీదే జరిగింది. ఆసుపత్రిలో ఒక్క రూపాయి కట్టలేదు, ఇంటికి పంపేటప్పుడు మందులూ ఇచ్చారు. చేరడానికి ముందు 3 రోజులు, తర్వాత 15 రోజుల ఖర్చు పథకంలోనే ఉంటుంది. అంతకుముందు నెలలో చేయించిన స్కానింగులు మాత్రం మన జేబులోంచే. ఒక చోట "మంచి రకం కావాలంటే తేడా కట్టండి" అని చెవిలో అన్నారు. కట్టకండి. కార్డు మీద చేరినవాళ్ల దగ్గర డబ్బు వసూలు చేయకూడదు. ఆరోగ్యమిత్రకు చెబుతానంటే సగంమంది ఆగిపోతారు, ఆగకపోతే పథకం హెల్ప్‌లైన్ 14555కు ఫోన్ చేయండి.

నాకు అసలు మంట ఎక్కడంటే, ఈ పథకం ఆసుపత్రిలో చేరితేనే. నెలనెలా బీపీ, షుగర్, ప్రొస్టేట్ మాత్రలకు ఒక్క పైసా రాదు. ఆపరేషన్ ఎప్పుడో ఒకసారి, మాత్రలు రోజూ. మాత్రలు కొనలేక సగం వేసుకునేవాళ్లే రేపు పక్షవాతంతో చేరేది. నన్నడిగితే డెబ్భై దాటినవాళ్లకు నెల మందులు ముందు ఇవ్వాలి, 5 లక్షల మాట తర్వాత. అంతవరకు జన ఔషధి దుకాణంలో కొనండి. మేము అక్కడే కొంటున్నాం, బిల్లు సగానికి పైగా తగ్గింది. అక్కడ కొన్ని మందులు ఎప్పుడూ "వచ్చే వారం" అంటారు, దానికీ ఒకరు గట్టిగా అడగాలి.

ఇక మీ ప్రైవేటు పాలసీ సంగతి. అది ఉన్నా ఈ కార్డు ఇస్తారు, రెండూ పెట్టుకోవచ్చు. మీ నాన్నగారు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసి, ఆ ఉద్యోగుల వైద్య పథకమైన సీజీహెచ్ఎస్‌లో ఉంటే మాత్రం ఏదో ఒకటే ఎంచుకోవాలి. పాలసీ ఇప్పుడే మానేయకండి. మీరు రోజూ వెళ్లే ఆసుపత్రి పథకంలో ఉందో లేదో చూడండి, ఉన్నా ఆయనకున్న జబ్బుకు సంబంధించిన విభాగం అందులో ఉందో లేదో విడిగా అడగండి. గుండెకు ఉండి ఎముకలకు లేని ఆసుపత్రులు ఉంటాయి. ఒకసారి మానేశాక 72 ఏళ్ల మనిషికి కొత్త పాలసీ తీసుకుంటే, ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా ఆగమనొచ్చు. ఆ మూడేళ్లు ఆయనకు చాలా ఎక్కువ.