కప్పు మైదాకు యాప్‌కో లెక్క ఎందుకు?

ప్రశ్న: కేకుల కొలతలను కప్పుల నుంచి గ్రాముల్లోకి మార్చుకోవడానికి ఫోన్‌లో మూడు యాప్‌లు వాడి చూశాను. కప్పు మైదాకు ఒకటి 120 గ్రాములు, ఇంకొకటి 125, మరొకటి 150 చూపుతున్నాయి. దేన్ని నమ్మాలి? నా డిజిటల్ త్రాసులో ‘ఎంఎల్’ బటన్ కూడా ఉంది. నూనె, తేనె దానితో కొలవవచ్చా?

జవాబు: మూడింటిలో ఏదీ లెక్క తప్పలేదు. కప్పు ఘనపరిమాణాన్ని, గ్రాము బరువును తెలుపుతాయి కాబట్టి ఒకదాని నుంచి మరొకదానికి వెళ్లాలంటే ఆ పదార్థపు సాంద్రత తెలియాలి. పంచదార కప్పులో ఎలా పోసినా పెద్దగా కుదించుకోదు కనుక ఏ యాప్ అయినా 200 గ్రాముల దరిదాపుల్లోనే చూపుతుంది. మైదా అలా కాదు. చెంచాతో వదులుగా నింపి పైభాగాన్ని చదును చేస్తే కప్పుకు 120 నుంచి 125 గ్రాములు తూగే పిండి, కప్పునే డబ్బాలో ముంచి తీస్తే 140 దాటిపోతుంది. తాము ఏ పద్ధతిని లెక్కలోకి తీసుకున్నారో యాప్ తయారీదారులు తెరపై చెప్పకపోవడమే నా దృష్టిలో అసలు లోపం.

దీనికి తోడు కప్పులన్నీ ఒకటి కావు. అమెరికా కప్పు 236.6 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియా కప్పు 250, జపాన్ కప్పు 200. ఆస్ట్రేలియా టేబుల్‌స్పూన్ కూడా 20 మిల్లీలీటర్లు. మిగతా చోట్ల అది సాధారణంగా 15. ఏ దేశపు కప్పో ఎంచుకునే వీలు సెట్టింగ్స్‌లో లేని యాప్‌ను తీసేయడమే మంచిది.

ఎక్సెల్‌లోని కన్వర్ట్ ఫంక్షన్ ఈ విషయంలో నిక్కచ్చిగా ఉంటుంది. కప్పును మిల్లీలీటర్లలోకి మార్చమంటే 236.588 అని చెబుతుంది. గ్రాముల్లోకి మార్చమంటే ‘#ఎన్/ఏ’ అని ఎర్రర్ చూపుతుంది. పదార్థం పేరు చెప్పకుండా అడిగిన ప్రశ్నకు అంతకంటే సరైన జవాబు లేదు. కాబట్టి ఒక షీట్‌లో పదార్థం పేరు, కప్పుకు ఎన్ని గ్రాములు, ఎన్ని కప్పులు అనే మూడు నిలువు వరుసలు పెట్టి, చివరి రెండింటినీ గుణించే సూత్రం రాసుకోండి. గ్రాముల వరుసలో, వంటకం రాసినవారు తమ కప్పు బరువు పేర్కొని ఉంటే ఆ అంకెనే వేయాలి, ఎందుకంటే వారి కేకు కుదిరింది వారి కప్పుతోనే. పేర్కొనకపోతే మైదాకు 125తో మొదలుపెట్టవచ్చు. మీ దగ్గరున్న కప్పు ఏ రకమో తెలియకపోతే, ఖాళీ కప్పును త్రాసుపై ఉంచి, త్రాసును సున్నాకు తెచ్చే ‘టేర్’ బటన్ నొక్కి, అంచు వరకు నీళ్లు పోయండి. కనిపించే గ్రాములే దాదాపుగా దాని మిల్లీలీటర్లు.

ఇక ‘ఎంఎల్’ బటన్ చేసే పని చాలా చిన్నది. పాత్రలో ఉన్నది నీరే అనుకుని, ఒక గ్రామును ఒక మిల్లీలీటరుగా చూపుతుంది. నూనె నీటికంటే తేలిక కావడంతో, త్రాసు 100 మిల్లీలీటర్లు చూపేసరికి పాత్రలో సుమారు 109 మిల్లీలీటర్లు పడి ఉంటాయి. తేనె బరువైనది కనుక దాదాపు 70 మాత్రమే పడుతుంది. పాలకు తేడా స్వల్పం, పట్టించుకోనక్కర్లేదు.

అరచెంచా వంటసోడా లాంటి వాటికి మాత్రం కొలత చెంచానే వాడండి. అది రెండు, మూడు గ్రాములకు మించదు. ఒక గ్రాము మెట్టుతో చూపే త్రాసుకు అంత చిన్న బరువును కచ్చితంగా చెప్పే శక్తి ఉండదు. పైగా కొద్దికొద్దిగా వేస్తే, సున్నాను తనంతట తానే సరిదిద్దుకునే ఏర్పాటు ఉన్న త్రాసులు ఆ బరువును అసలు లెక్కించకపోవచ్చు.