‘పర్పుల్ రెయిన్’ తర్వాత ప్రిన్స్ నిజంగా దిగజారాడా?

అమెరికన్ పాప్ గాయకుడు ప్రిన్స్ సినిమాల్లో తడబడ్డాడు, సంగీతంలో కాదు. 1984లో ‘పర్పుల్ రెయిన్’ సినిమా, ఆల్బమ్ రెండూ పెద్ద హిట్. 1986లో తనే దర్శకత్వం చేసిన నలుపు-తెలుపు సినిమా ‘అండర్ ద చెర్రీ మూన్’ దారుణంగా ఫ్లాపయింది. కథ పలచన, ఒప్పుకుంటాను. కానీ దాని పాటల ఆల్బమే ‘పరేడ్’. అమెరికాలో నంబర్ వన్ అయిన ‘కిస్’ అందులోదే. ఆ పాటలో మంద్ర స్వరాలు పలికించే బేస్ గిటారే లేదు! డ్రమ్ మెషీన్, కొంచెం గిటారు, సన్నటి గొంతు, దాదాపు అంతే. కడప ఏడురోడ్ల దగ్గర స్నేహితుడి గదిలో ఓ రాత్రి కరెంటు పోతే, చెరో ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నాం. ఆ ఖాళీయే పాటను నడిపిస్తోందని అప్పుడు తెలిసింది.

1988 నాటి ‘లవ్‌సెక్సీ’ సీడీలో తొమ్మిది పాటల్నీ ఒకే ట్రాక్‌గా పెట్టాడు. నచ్చని పాట దాటేద్దామంటే కుదరదు. నాకైతే ఆ పట్టుదల ఇష్టం. మొదటినుంచి వింటేనే పాటలు ఒకదానికొకటి అతుకుతాయి.

1990 నాటి ‘గ్రాఫిటీ బ్రిడ్జ్’ సినిమాను మాత్రం వెనకేసుకు రాలేను. అందులోంచి ‘థీవ్స్ ఇన్ ద టెంపుల్’ ఒక్కటి వినండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు 1987 నాటి డబుల్ ఆల్బమ్ ‘సైన్ ఓ ద టైమ్స్’ వినండి, తర్వాత ‘పరేడ్’.