నాన్నగారి రిపోర్టులకు తాళం వేస్తే కేసవుతుందా?

ప్రశ్న: మాది కవిటి దగ్గర పల్లె. మేం నలుగురు స్నేహితులం. ఒకడు మస్కట్‌లో, ఒకడు చెన్నైలో, ఇద్దరం ఊళ్లో ఉంటాం. మూడిళ్లలో కిడ్నీ జబ్బు ఉంది. నాన్నల క్రియాటినిన్ రిపోర్టులు, డయాలసిస్ కాగితాలు, ఆధార్, పాసుపుస్తకం కాపీలు ఒకరికొకరం పంపుకుంటాం. చెల్లికి సంబంధాలు చూస్తున్నాం. ఇవి ఊళ్లో తిరిగితే ఎలా అని టెన్షన్. ఫైళ్లకు తాళం వేసే ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ వాడదామంటే కేసు పెడతారని ఒకాయన భయపెట్టారు. నిజమేనా? ఏది వాడాలి? పోలీసులు అడిగితే పాస్‌వర్డ్ చెప్పాలా?

జవాబు: మీ ఫైళ్లకు మీరు తాళం వేసుకోవడం నేరం కాదు. ఎన్‌క్రిప్షన్ పద్ధతులు ఎలా ఉండాలో చెప్పే అధికారం ఐటీ చట్టం 84ఎ సెక్షన్ కేంద్రానికి ఇచ్చిన మాట నిజమే. 2015 సెప్టెంబరులో ఒక ముసాయిదా కూడా వచ్చింది. పంపిన సందేశాల తాళం వేయని మామూలు ప్రతిని 90 రోజులు దాచి ఉంచాలని అందులో రాశారు. జనం మండిపడటంతో కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని తేల్చింది. మనిషి ఒంట్లో ఉన్న జబ్బు కంటే గోప్యమైనది ఏముంటుంది? కాబట్టి భయం వదిలేయండి.

ఇక ఏది వాడాలి? ఏ యాప్ గురించైనా నేను మొదట అడిగేది, దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందని. గూగుల్ డ్రైవ్‌లో మామూలుగా పెట్టిన ఫైలు తాళంచెవి కంపెనీ దగ్గరే ఉంటుంది. టెలిగ్రామ్ గ్రూపుల్లోనూ అంతే. పంపేవారికి, అందుకునేవారికి తప్ప మధ్యలో ఎవరికీ కనబడని ఏర్పాటు అక్కడ సీక్రెట్ చాట్‌లోనే ఉంది, అదీ ఇద్దరి మధ్యే. నలుగురికి సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్ సరిపోతుంది. పాత రిపోర్టులన్నీ ఒకచోట దాచుకోవాలంటే క్రిప్టోమేటర్ అనే సాఫ్ట్‌వేర్‌తో తాళం వేసిన ఫోల్డర్ చేసి, దాన్నే డ్రైవ్‌లో పెట్టండి. ఒక్క ఫైలే అయితే 7-జిప్ అనే సాఫ్ట్‌వేర్ చాలు. అయితే ఒక సంగతి. జిప్ ఫార్మాట్‌లో పాస్‌వర్డ్ పెట్టినా ఫైలు పేరు బయటికి కనిపిస్తుంది. ‘నాన్న డయాలసిస్ జూన్’ అని పేరు పెట్టాక లోపల ఎంత గట్టి తాళం వేసి ఏం లాభం? 7జెడ్ ఫార్మాట్ ఎంచుకుని, పేర్లు కూడా దాచే గడిలో టిక్ పెట్టండి. పాస్‌వర్డ్ అదే చాట్‌లో పంపకుండా ఫోన్ చేసి నోటితో చెప్పండి. 2023 మేలో కేంద్రం 14 మెసేజింగ్ యాప్‌లను నిలిపేసింది. బ్రయర్, ఎలిమెంట్, త్రీమా అందులో ఉన్నాయి. వాటి జోలికి పోకండి.

నేను చూసినంతలో కాగితాలు బయటపడేది సాఫ్ట్‌వేర్ దగ్గర కాదు, నెట్ సెంటర్ దగ్గర. ప్రింటు కోసం రిపోర్టును వాళ్ల వాట్సాప్ నంబరుకు పంపుతాం. వాళ్లు ప్రింటు తీసి పది రూపాయలు తీసుకుంటారు. ఆ రిపోర్టు మాత్రం ఆ కంప్యూటర్ డౌన్‌లోడ్స్‌లో పడి ఉంటుంది, తర్వాత వచ్చినవాళ్లకీ కనిపిస్తుంది. ఎదురుగా నిలబడి తీసేయించండి. లేదా పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి, కాపీ చేసుకోకుండా నేరుగా ప్రింటు తీయించండి.

పోలీసుల విషయం కాస్త జాగ్రత్తగా వినండి. ఐటీ చట్టం 69 సెక్షన్ కింద తాళం తీయమని ప్రభుత్వం ఆదేశించవచ్చు. దేశ భద్రత, శాంతిభద్రతలు, నేర విచారణ వంటి కారణాలు ఉండాలి. 2009 నాటి నిబంధనల ప్రకారం ఆ ఆదేశం మామూలుగా కేంద్ర లేదా రాష్ట్ర హోం కార్యదర్శి స్థాయిలో, రాతపూర్వకంగా రావాలి. స్టేషన్‌లో ఎస్సై నోటిమాటగా అడిగితే అది 69 కింద ఆదేశం కాదు. సరైన ఆదేశం వచ్చాక సహకరించకపోతే ఏడేళ్ల దాకా జైలు ఉంది. నిందితుడిని పాస్‌వర్డ్ చెప్పమని బలవంతపెట్టవచ్చా అన్న దానిపై హైకోర్టుల అభిప్రాయాలు ఒకేలా లేవు. అలాంటి పరిస్థితి వస్తే నోటీసు కాపీతో వెంటనే వకీలును కలవండి. భయపడి ఫైళ్లు చెరిపేయకండి. సాక్ష్యం కాకుండా చేయాలని ఎలక్ట్రానిక్ రికార్డును నాశనం చేస్తే భారతీయ న్యాయ సంహిత 241 కింద అదే వేరే నేరమవుతుంది.

ఎవరైనా మీ ఫోన్ తీసి, మీకు తెలియకుండా కాపీ చేసుకుంటే ఐటీ చట్టం 43 కింద నష్టపరిహారం అడగవచ్చు. దురుద్దేశంతో చేస్తే 66 కింద మూడేళ్ల దాకా శిక్ష. మీరే పంపినదాన్ని స్నేహితుడు ఇంకొకరికి పంపితే మాత్రం దారి కష్టం. 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టం సొంత, ఇంటి అవసరాలకు వాడే డేటాకు వర్తించదు. సివిల్ దావా వేయవచ్చు గానీ, అది తేలేలోపు మాట ఊరంతా తిరుగుతుంది. అందుకే నలుగురూ ఇప్పుడే కూర్చుని, ఎవరి కాగితం వాళ్లు చెప్పకుండా బయటికి పోకూడదని మాట అనుకోండి.

ఆ మాటకొస్తే ఆ రిపోర్టులు మీ నాన్నగారివి. స్నేహితులకు పంపుతున్నట్టు ఆయనకు చెప్పారా? చెప్పకపోతే ఈ రాత్రే చెప్పండి. క్రిప్టోమేటర్ ఇచ్చే రికవరీ కీని కాగితం మీద రాసి, పొలం దస్తావేజులున్న పెట్టెలోనే పెట్టండి. పాస్‌వర్డ్ మరిచిపోతే ఆ కాగితం తప్ప ఇంకే దారీ ఉండదు.